శివుడి పేరున్న లేజర్, సెరంగూన్ రోడ్డు కరెంటు

(సెరంగూన్ వెలుగులు: చరిత్ర ధారావాహిక, 11వ భాగం)

పోయిన భాగంలో మెకంజీ రోడ్డు పవర్‌హౌస్ దగ్గర ఆగాం. 1905లో సింగపూర్ ఎలక్ట్రిక్ ట్రామ్‌వేస్ అనే బ్రిటిష్ కంపెనీ తన ట్రాముల కోసం అక్కడ కరెంటు తయారు చేయడం మొదలుపెట్టింది. ఒక ట్రాము లైను సెరంగూన్ రోడ్డు మీదుగా పాయా లేబర్ దాకా పోయేది. మరుసటి ఏడే మునిసిపాలిటీ వాళ్లు ఆ కంపెనీ దగ్గరే కరెంటు కొని వీధి దీపాలకు ఇచ్చారు. ట్రాములు కంపెనీకి పెద్దగా కలిసిరాలేదు. రిక్షాల పోటీకి తట్టుకోలేక ఇరవై ఏళ్లు దాటేసరికి మూలపడ్డాయి. వాటి కోసం తెచ్చిన కరెంటు మాత్రం ఊళ్లో పాతుకుపోయింది.

వరస ప్రకారమైతే ఈసారి 1927 నాటి సెయింట్ జేమ్స్ పవర్ స్టేషన్ సంగతి రాయాలి. దాన్ని వచ్చే భాగానికి జరుపుతున్నాను. కారణం వాట్సాప్. 2022 డిసెంబరు మొదలు ఇక్కడి తెలుగువాళ్ల గ్రూపుల్లో కొన్ని నెలలకోసారి ఒకే వార్త తిరుగుతోంది: అమెరికావాళ్లు లేజర్లతో సూర్యుణ్ని తయారు చేశారట, ఇక కరెంటుకు కరువు లేదట. సింగపూర్ లాంటి దేశానికి ఇంతకు మించిన తీపి కబురు ఉంటుందా? జలవిద్యుత్తుకు పనికొచ్చే నది ఇక్కడ లేదు. గాలిమరలు తిప్పేంత గాలి లేదు. సోలార్ పలకలు పరుద్దామంటే దేశం మొత్తం కలిపి 730 చదరపు కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. కరెంటులో 95 శాతం దాకా బయటినుంచి కొనుక్కొచ్చిన సహజ వాయువుతో తయారవుతోంది. అందుకని ఆ వార్త వెనక ఉన్న కథను ఈ ధారావాహికలో ఎక్కడో ఒకచోట చెప్పక తప్పదు. ఇక్కడే చెప్పేస్తాను.

ముందు ఆ రోజు అసలేం జరిగిందో చూద్దాం. కాలిఫోర్నియాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీ అని ఒక భారీ భవనం ఉంది. 2022 డిసెంబరు 5, అర్ధరాత్రి దాటి ఒంటిగంట. 192 లేజర్ కిరణాలు ఒకే క్షణంలో ఒకే గురికి చేరాయి. ఆ గురి సెంటీమీటరు పొడవున్న చిన్న లోహపు గొట్టం, లోపల బంగారం పూత. గొట్టం నడుమ ఆవగింజంత వజ్రపు గుండు. గుండు లోపలి గోడకు డ్యుటీరియం, ట్రిటియం గడ్డకట్టి సన్నని పొరలా అంటుకుని ఉన్నాయి. రెండూ హైడ్రోజన్‌కు బరువైన అన్నదమ్ములు. మైనస్ 250 డిగ్రీల కిందికి చల్లబరిస్తే తప్ప అవి అలా గడ్డకట్టవు.

లేజర్లు ఆ గుండును నేరుగా తాకవు. గొట్టం రెండు మూతుల్లోంచి దూరి లోపలి గోడలను కాలుస్తాయి. ఆ గోడల నుంచి ఎక్స్-కిరణాలు వెలువడి వజ్రపు పైపొరను ఆవిరి చేస్తాయి. పైపొర బయటికి తన్నుకుపోతుంటే, మిగిలిన గుండు సెకనుకు 400 కిలోమీటర్ల వేగంతో లోపలికి నలిగిపోతుంది. నట్టనడుమ వేడి పది కోట్ల డిగ్రీలు దాటుతుంది. అప్పుడు డ్యుటీరియం, ట్రిటియం కేంద్రకాలు ఒకటై హీలియం అవుతాయి, ఒక్కో కలయికకు ఒక్కో న్యూట్రాన్ ఎగిరిపోతుంది. ఈ కలయిక పేరే ఫ్యూజన్. సెకనులో వెయ్యి కోట్లవ వంతులో అంతా ముగుస్తుంది.

ఆ రాత్రి లేజర్లు గురి మీదికి పంపిన శక్తి 2.05 మెగాజూల్స్, తిరిగి వచ్చింది 3.15. మన కరెంటు బిల్లు లెక్కలో చెప్పాలంటే వెళ్లింది అర యూనిట్ చిల్లర, వచ్చింది యూనిట్‌కు కాస్త తక్కువ. పెట్టినదానికన్నా ఎక్కువ వచ్చిందన్నది అక్షరాలా నిజం. చరిత్రలో అదే మొదటిసారి కూడా. అయితే ఆ లేజర్లను సిద్ధం చేయడానికి గ్రిడ్ నుంచి లాగిన కరెంటు దాదాపు 300 మెగాజూల్స్, అంటే 83 యూనిట్లు. డిసెంబరు 13న అమెరికా ఇంధన మంత్రి జెన్నిఫర్ గ్రాన్‌హోమ్ వాషింగ్టన్‌లో ఈ విజయాన్ని ప్రకటించారు. శాస్త్రవేత్తలు ఈ 83 యూనిట్ల సంగతిని దాచలేదు. దాన్ని మింగేసింది మన హెడ్‌లైన్లే.

ఈ ప్రయాణం ఎక్కడ మొదలైందో చెప్పాలంటే ఒక భారతీయుడి మాటతో మొదలుపెట్టాలి. 1955 ఆగస్టులో జెనీవాలో అణుశక్తి శాంతి వినియోగం మీద జరిగిన మొదటి అంతర్జాతీయ సభకు హోమీ భాభా అధ్యక్షుడు. ఫ్యూజన్ శక్తిని అదుపులో పెట్టి వాడుకునే మార్గం రెండు దశాబ్దాల్లో దొరుకుతుందని ఆయన ఆ వేదిక మీద జోస్యం చెప్పారు. సముద్రం నిండా ఉన్న బరువైన హైడ్రోజన్ మనకు ఇంధనమైతే ఇక కొరతేమిటన్నది ఆయన ధీమా. ఆ ఇరవై ఏళ్లు 1975లో నిండాయి. ఫ్యూజన్ గురించి ఎవరు గడువు చెప్పినా నేను భాభాను తలచుకుంటాను. అంతటివాడి లెక్కే తప్పింది మరి.

భాభా మాట్లాడేనాటికి లేజర్ అన్నదే లేదు. థియోడర్ మేమన్ కాలిఫోర్నియాలో కెంపు కడ్డీతో మొదటి లేజర్‌ను వెలిగించింది 1960 మే 16న. అప్పటికే లివర్‌మోర్‌లో జాన్ నకోల్స్ అనే యువకుడికి ఒక ప్రశ్న పట్టుకుంది. హైడ్రోజన్ బాంబును రగిలించాలంటే అణుబాంబు కావాలి. అణుబాంబు లేకుండా అతి చిన్న ఫ్యూజన్ పేలుడు చేయగలమా, అది ఎంత చిన్నదిగా ఉండొచ్చు? లేజర్ రాగానే ఆయనకు అగ్గిపుల్ల దొరికినట్టయింది. మాస్కోలో నికొలాయ్ బాసోవ్, ఒలెగ్ క్రోఖిన్‌లకూ దాదాపు అదే సమయంలో అదే ఆలోచన తట్టింది. బాంబులతో ముడిపడ్డ విషయం కనుక లివర్‌మోర్ లెక్కలు చాలాకాలం బీరువాల్లో ఉండిపోయాయి. 1972లో నకోల్స్, ఆయన సహచరులు ‘నేచర్’ పత్రికలో ఒక వ్యాసం అచ్చువేశాక ప్రపంచానికి విషయం తెలిసింది. గుండును తగినంతగా నలపగలిగితే కిలోజూల్స్ స్థాయి లేజర్‌తోనే ఫలితం కనబడవచ్చన్న ఆశ అప్పట్లో ఉండేది. చివరికి కావలసివచ్చింది రెండు వేల కిలోజూల్స్.

నకోల్స్ కన్నా నాకు ఇష్టమైన పాత్ర కీవ్ సీగెల్. ప్రభుత్వ ప్రయోగశాలలు ఇంకా తర్జనభర్జనల్లో ఉండగానే ఈయన మిషిగన్‌లోని ఆన్ ఆర్బర్‌లో కేఎంఎస్ ఫ్యూజన్ అనే సొంత కంపెనీతో రంగంలోకి దిగాడు. పేరులో మూడక్షరాలూ తనవే. 1974 మే 1న ఆయన బృందం లేజర్‌తో గుండును నలిపి ఫ్యూజన్ న్యూట్రాన్లను రాబట్టింది. లివర్‌మోర్ కన్నా ముందే. డబ్బు చాలక ప్రభుత్వ సాయం కోసం తిరిగాడు. 1975 మార్చిలో అమెరికన్ కాంగ్రెస్ కమిటీ ముందు వాంగ్మూలం ఇస్తూ ఉండగా పక్షవాతం వచ్చి కుప్పకూలాడు, ఆ తర్వాత కోలుకోలేదు. అది సింగపూర్ తెలుగు సమాజం పుట్టిన సంవత్సరం. భాభా గడువు తీరిన సంవత్సరం కూడా. ఇప్పటి ఫ్యూజన్ స్టార్టప్‌లన్నిటికీ సీగెల్ తాత లాంటివాడు. ఆ కుర్ర కంపెనీలు ఆయన కథ ఒకసారి చదువుకోవడం మంచిది.

1977లో లివర్‌మోర్‌లో ఇరవై కిరణాల లేజర్ లేచింది. చాలా చేతులున్న దేవుడి పేరు పెడదామనుకున్నారు, ‘శివ’ అన్నారు. మనవాళ్లనడిగితే మూడో కన్ను కదా అసలు పోలిక అనేవాళ్లు. శివ పది కిలోజూల్స్ దాకా ఇచ్చింది. ఇచ్చి, ఒక పెద్ద పాఠం నేర్పింది. దాని వెలుగు పరారుణం, అంటే తరంగదైర్ఘ్యం ఎక్కువ. ఆ వెలుగు గురిని తాకినప్పుడు మితిమీరిన వేడితో ఎలక్ట్రాన్లు పుట్టి, ఇంధనాన్ని నలగకముందే వేడెక్కించేవి. వేడెక్కిన వాయువు నలగడానికి మొరాయిస్తుంది. బలం పెంచితే చాలదు, రంగు మార్చాలని అప్పుడు తెలిసొచ్చింది. 1984లో వచ్చిన ‘నోవా’ లేజర్‌లో పరారుణ కిరణాన్ని కేడీపీ స్ఫటికాల గుండా పంపి అతినీలలోహితంగా మార్చారు. మెరుగుపడింది కానీ రగలలేదు. ఇంకా పెద్దది కావాలన్నారు.

ఆ పెద్దదే మనం చూసిన నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీ. 1997లో పునాది, 2009లో పూర్తి, ఖర్చు దాదాపు 350 కోట్ల డాలర్లు. కరెంటు కోసమని అంత డబ్బు ఎవరూ ఇవ్వలేదు. 1992తో అమెరికా భూగర్భ అణుపరీక్షలు ఆపేసింది. పరీక్షించకుండానే తమ బాంబులు పనిచేస్తాయో లేదో తెలుసుకోవడానికి ప్రయోగశాలలో చిన్న ఫ్యూజన్ పేలుళ్లు కావాలి. ఆ పద్దు కింద వచ్చిన డబ్బు అది. ఇదే 1992లో మలేసియా నుంచి పైపులో సహజ వాయువు సింగపూర్‌కు రావడం మొదలైంది. అక్కడ బాంబుల లెక్క, ఇక్కడ బాయిలర్ల లెక్క. లేజర్ ఫ్యూజన్ కథలో ఈ తేడాను మరిచిపోతే మిగతా ఏదీ సరిగ్గా అర్థం కాదు. బాంబులు లేని దేశానికి ఇలాంటి యంత్రం కట్టడానికి అవసరమూ లేదు, ఆ స్థాయి బడ్జెట్టూ ఉండదు.

2012 కల్లా రగిలిస్తామన్నారు. కాలేదు. గుండు నున్నదనంలో సూక్ష్మమైన లోపాలున్నా, దాన్ని నింపే సన్న గొట్టం కాస్త లావుగా ఉన్నా నలుగుడు ఒక పక్కకు వాలిపోయేది. తర్వాతి తొమ్మిదేళ్లు ఈ లోపాలను ఒక్కొక్కటే ఏరిపారేయడంతోనే గడిచాయి. 2021 ఆగస్టు 8న 1.35 మెగాజూల్స్ వచ్చేసరికి తలుపు తెరుచుకుంది. ఆనీ క్రిచర్ నాయకత్వంలో డిజైన్ బృందం వజ్రపు పొరను మందం చేసింది, లేజర్ శక్తిని కొద్దిగా పెంచారు. పదహారు నెలలకు ఆ డిసెంబరు రాత్రి వచ్చింది. 2023 జులైలో 3.88 మెగాజూల్స్, 2024 ఫిబ్రవరిలో 5.2, 2025 ఏప్రిల్‌లో 8.6. చివరి లెక్క దాదాపు రెండున్నర యూనిట్లు. భౌతికశాస్త్రం తన పని తాను చేసిపెట్టింది. ఇక్కడిదాకా నాకు అనుమానం లేదు.

అనుమానమంతా ఇంజనీరింగ్ మీదే. ఈ యంత్రం ఏడాదికి పేల్చేది సుమారు 400 సార్లు. ఒకసారి పేల్చాక అద్దాలు చల్లారడానికే గంటలు పడుతుంది. పవర్ ప్లాంటు కావాలంటే సెకనుకు పదిసార్లు పేల్చాలి. అంటే లివర్‌మోర్ ఏడాది పనిని 40 సెకన్లలో ముగించాలి, ఆపకుండా రోజుకు 8,64,000 గుండ్లు కాల్చాలి. ఒక్కో గుండునూ ఎగురుతుండగానే గురిచూసి, 192 కాకపోయినా పదుల కిరణాలతో అన్ని వైపులనుంచీ ఒకే క్షణంలో కొట్టాలి.

ఇక గుండు ధర. ఇప్పటి వజ్రపు గుండును పెంచి, మెరుగుపెట్టి, తూచి, గొట్టంలో కూర్చి తయారు చేయడానికి వారాలు పడుతుంది, ఖర్చు వేల డాలర్లలో ఉంటుంది. ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక్కో పేలుడుకు 200 మెగాజూల్స్ వచ్చాయనుకోండి, అది 2025 నాటి రికార్డుకు ఇరవై రెట్ల పైమాటే. ఆ వేడిలో 40 శాతం కరెంటుగా మారితే 22 యూనిట్లు. సింగపూర్ ఇళ్లకు వచ్చే బిల్లులో యూనిట్ ఈమధ్య ముప్పై సెంట్ల చుట్టూ తిరుగుతోంది. అంటే ఒక పేలుడుకు ఏడు డాలర్ల లోపు సరుకు. లేజర్లు తినే కరెంటు, ప్లాంటు కట్టిన అప్పు, జీతాలు, తీగలు, లాభం అన్నీ అందులోంచే పోవాలి. గుండుకు మిగిలేది కొన్ని పదుల సెంట్లు. నా మట్టుకు లేజర్ ఫ్యూజన్ భవిష్యత్తు అంతా ఈ గుండు ధరలోనే ఉంది.

లేజర్ల విషయంలో మాత్రం ఆశ ఉంది. లివర్‌మోర్ యంత్రంలో ఉన్నవి 1990ల నాటి ఫ్లాష్ లాంపులు. గ్రిడ్ కరెంటులో ఒక్క శాతం కూడా గురిని చేరదు. ఇప్పుడు డయోడ్‌లతో నడిచే లేజర్లు వచ్చాయి. అలాంటిదొకటి లివర్‌మోర్‌లోనే తయారై చెక్ దేశంలోని పరిశోధన కేంద్రానికి వెళ్లింది, సెకనుకు పదిసార్లు పేల్చడానికే దాన్ని రూపొందించారు. శక్తిలో అది బాగా చిన్నది, అది వేరే సంగతి. జర్మనీలో మార్వెల్ ఫ్యూజన్, డెన్వర్‌లో ఎక్సిమర్, నీలి ఎల్ఈడీకి నోబెల్ అందుకున్న షూజీ నకమురా పెట్టిన బ్లూ లేజర్ ఫ్యూజన్, ఇలా కంపెనీలు పుట్టుకొస్తున్నాయి. 2023 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం మూడు పరిశోధన కూటములకు 4.2 కోట్ల డాలర్లు ఇచ్చింది. మొదటిసారిగా బాంబుల పద్దు నుంచి కాకుండా కరెంటు పేరిట లేజర్ ఫ్యూజన్‌కు చెప్పుకోదగ్గ సొమ్ము రావడం ఇది. సొమ్ము చిన్నదే, పద్దు మారడం పెద్ద విషయం.

మరి సింగపూర్‌లో ఫ్యూజన్ అసలు జరగలేదా? జరిగింది. ఈ ముక్క ఇక్కడి తెలుగువాళ్లలో చాలామందికి తెలియదు. మలయా విశ్వవిద్యాలయంలో సింగ్ లీ అనే ప్రొఫెసర్ ఉండేవారు. 1985-86లో ఐక్యరాజ్యసమితి విశ్వవిద్యాలయం తరఫున ఆసియా, ఆఫ్రికా దేశాల యువ పరిశోధకులను కౌలాలంపూర్‌కు పిలిపించి, ‘ప్లాస్మా ఫోకస్’ అనే చిన్న యంత్రాన్ని వాళ్ల చేత్తోనే కట్టించారు. నేర్చుకున్నవాళ్లు యంత్రాన్ని తమ ఊళ్లకు పట్టుకుపోయే ఏర్పాటు అది. 1990లలో ఆయన సింగపూర్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్‌కు మారారు, యంత్రమూ వచ్చింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన రాజ్‌దీప్ సింగ్ రావత్ ఆ తర్వాత అక్కడ ఆ పనిని నడిపించారు.

ఆ యంత్రం ఒక గదిలో పట్టేస్తుంది. కెపాసిటర్‌లో 15 కిలోవోల్టుల దగ్గర మూడు కిలోజూల్స్ పోగేస్తారు, అంటే యూనిట్‌లో వెయ్యో వంతు కూడా కాదు. స్విచ్ పడగానే ఒక రాగి కడ్డీ చుట్టూ లక్షన్నర ఆంపియర్లకు పైగా కరెంటు దూకుతుంది, పెద్ద చప్పుడు. డ్యుటీరియం వాయువు కడ్డీ కొసన సన్నని తీగలా బిగుసుకుని, కొన్ని పదుల నానోసెకన్లు నిలుస్తుంది. ఆ కాస్తలో పది కోట్ల న్యూట్రాన్లు పుడతాయి. నిజమైన ఫ్యూజన్! ఒక్క ఎల్ఈడీ బల్బును వెలిగించేంత శక్తి కూడా రాదు, వస్తుందని లీ ఎన్నడూ చెప్పలేదు. మనుషులను తయారు చేయడం ఆయన ఉద్దేశం. పేద దేశాల ప్రయోగశాలలకు అందుబాటులో ఉండే ఫ్యూజన్ యంత్రం అంటే ఇప్పటికీ అదే.

సింగపూర్ ప్రభుత్వం తీరు వేరు. 2012లో చేసిన అధ్యయనంలో అప్పటి అణు రియాక్టర్లు ఇంత ఇరుకు దేశానికి తగవని తేల్చారు. 2014లో నేషనల్ యూనివర్సిటీలో అణు భద్రత పరిశోధన కార్యక్రమాన్ని మొదలుపెట్టారు, 2025లో దాన్ని పూర్తిస్థాయి సంస్థగా పెంచారు. ఫ్యూజన్ వైపు చూస్తే, నాన్యాంగ్ విశ్వవిద్యాలయం ఫ్రాన్స్ అణుశక్తి సంస్థతో చేతులు కలిపింది. ఆ పని అంతా అయస్కాంతాలతో ప్లాస్మాను బంధించే టోకమాక్ దారిలో సాగుతుంది, లేజర్ దారిలో కాదు. ప్రభుత్వ పెట్టుబడి సంస్థ టెమాసెక్ డబ్బు కూడా అమెరికాలోని కామన్‌వెల్త్ ఫ్యూజన్‌లోకి, కెనడాలోని జనరల్ ఫ్యూజన్‌లోకి వెళ్లింది. ఈ రెండో కంపెనీ 2025లో నిధుల కటకటతో సిబ్బందిలో నాలుగో వంతును తగ్గించుకుంది. సీగెల్‌ను ఊరికే గుర్తు చేయలేదు.

మన తెలుగు నేల వాటా కూడా చెప్పుకోవాలి. లేజర్ ఫ్యూజన్‌కు కావలసిన సగం ఇంధనం డ్యుటీరియం. సాధారణ నీటిలో ఆరు వేల పైచిలుకు హైడ్రోజన్ పరమాణువులకు ఒకటి చొప్పున ఉంటుంది. దాన్ని పెద్దయెత్తున విడదీసే కర్మాగారాల్లో ఒకటి భద్రాచలానికి దగ్గర్లో, అశ్వాపురంలో ఉన్న మణుగూరు భారజల కర్మాగారం. 1990ల మొదటి నుంచి గోదావరి నీళ్లతో, సింగరేణి బొగ్గుతో నడుస్తోంది. అక్కడి భారజలం అణు రియాక్టర్లకు వెళుతుంది. రియాక్టర్లో ఏళ్ల తరబడి ఉన్న భారజలంలోనే కొద్దికొద్దిగా ట్రిటియం పోగవుతుంది. అదే మిగతా సగం ఇంధనం, పన్నెండేళ్లకు సగం కరిగిపోయే గుణం దానిది. ప్రపంచంలో అమ్మకానికి దొరికేది కొన్ని పదుల కిలోలు మాత్రమే. రేపటి ఫ్యూజన్ ప్లాంటు తన ట్రిటియాన్ని లిథియం గోడల్లో తానే పండించుకోవాలి. ఆ పంటను పూర్తిస్థాయిలో ఇంతవరకు ఏ యంత్రమూ పండించలేదు. ఇక హైదరాబాద్ గోపనపల్లిలో టాటా పరిశోధన సంస్థ వాళ్లు అతి చురుకైన లేజర్లతో ప్లాస్మాను పుట్టించి పరిశోధిస్తున్నారు. వాళ్లు కరెంటు వస్తుందని చెప్పడం లేదు. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

ఇప్పుడు తీర్పు అడిగితే చెబుతాను. 1905లో ట్రాము కంపెనీ, 1992లో మలేసియా గ్యాసు, 2013లో జురాంగ్ దీవిలో ద్రవీకృత వాయువు టెర్మినల్, 2022లో లావోస్ నుంచి థాయ్‌లాండ్, మలేసియాల మీదుగా వచ్చిన వంద మెగావాట్ల జలవిద్యుత్తు. ఈ ఊరు ఎప్పుడూ వేరేచోట గట్టిపడ్డ దాన్నే, ధర కుదిరాక కొనుక్కుంది. లేజర్ ఫ్యూజన్ విషయంలోనూ అదే చేస్తుంది, చేయాలి కూడా. 2050కి కర్బన ఉద్గారాలను నికరంగా సున్నాకు తేవాలన్న లక్ష్యం ఈ దేశానిది. ఆ గడువు లోపల సెరంగూన్ రోడ్డు దీపావళి తోరణాలు పొరుగు దేశాల ఎండతో, నీళ్లతో, ఇంకా కొంత గ్యాసుతో వెలుగుతాయి. బహుశా చిన్న అణు రియాక్టర్లు కూడా తోడవుతాయి. లేజర్ గుండు ఆ జాబితాలో చేరుతుందని నేను అనుకోవడం లేదు. ఆ తర్వాతి యాభై ఏళ్ల మాటకొస్తే కాదనలేను.

అందాకా, ఆ వార్త మళ్లీ మీ ఫోన్‌లోకి వచ్చినప్పుడు ఎన్ని రెట్లు లాభమని అడగకండి. గోడ ప్లగ్గు నుంచి ఎన్ని యూనిట్లు లాగారు, సెకనుకు ఎన్నిసార్లు పేల్చారు, ఒక్కో గుండుకు ఎంతయిందని అడగండి. జవాబు లేకపోతే ఫార్వర్డ్ చేయకండి.

(సశేషం. వచ్చే భాగం: 1927, సెయింట్ జేమ్స్ పవర్ స్టేషన్)